అట్టగోడకి టేకు అలమర

బరువు మోసే గోడలున్న ఇంట్లో సంసారాలు బాగుపడవు. ఈ మాట ఎవరికైనా తేడాగా అనిపిస్తే వాళ్లింకా ఇటుక గోడల మధ్యే బతుకుతున్నారన్నమాట. పాపం, వాళ్ల మీద జాలిపడటం తప్ప చెయ్యగలిగింది లేదు.

ఇటుక గోడ మనిషిని చెడగొడుతుంది. ఒక మేకు కొడతాడు, దానికో గడియారం తగిలిస్తాడు, ఇక జన్మలో ఆ మేకు వంక చూడడు. గోడ ఉందిగా, అదే మోస్తుందిలే అన్న ధీమా. ఆ ధీమా గోడ దగ్గరే ఆగుతుందా? నెమ్మదిగా ఇంట్లో మనుషుల మీదకి కూడా పాకుతుంది.

అదే జిప్సమ్ బోర్డు గోడ అయితే? మనిషికి ఒళ్లు దగ్గర పెట్టుకోవటం వస్తుంది. వినయం అలవడుతుంది. పెళ్లాం చేతిలో ఏముందో, అదెంత బరువుందో కూడా తెలిసొస్తుంది! నమ్మకం కుదరకపోతే గుణదలలో రామకోటేశ్వరరావు గారి ఫ్లాటుకి వెళ్లి చూడండి. చెప్పులు విప్పి లోపలికి వెళ్లండి. మంచినీళ్లిస్తే తాగండి. గోడకి మాత్రం ఆనకండి.

రామకోటేశ్వరరావు గారు చల్లపల్లి దగ్గర ఒక రైసుమిల్లులో ముప్ఫై ఏళ్లు కాటా గుమాస్తాగా చేశారు. ధాన్యం లారీ గేటు దాటుతుంటే టైర్లు ఎంత అణిగాయో చూసి బరువు చెప్పేవారని ఆయనకి పేరు. రిటైరైన రోజున మిల్లువాళ్లు శాలువా కప్పి, ఐదు కిలోల నుంచి యాభై గ్రాముల దాకా ఇనప తూకపురాళ్ల సెట్టు చేతిలో పెట్టారు. చేతిలో అంటే రిక్షాలో. 2005లో గుణదలలో రెండో అంతస్తులో ఫ్లాటు కొనుక్కున్నాక, శాలువా బీరువాలోకి పోయింది. రాళ్లు మాత్రం హాల్లో, టీవీ పక్కన కొలువుదీరాయి.

గృహప్రవేశమైన వారానికి సిద్ధాంతిగారు వచ్చి, వంటిల్లు ఈశాన్యంలో ఉందని కనిపెట్టారు. అది ఆగ్నేయానికి రావాలన్నారు. ఆగ్నేయంలో హాలుంది. హాలుని తూర్పువైపు సగానికి కోసి వంటిల్లు చెయ్యాలంటే మధ్యలో గోడ లేపాలి. ఇటుకతో లేపుదామంటే బిల్డరు రెండు చేతులూ జోడించాడు.

“కింద బీము లేదండీ. ఇటుక గోడ కట్టారంటే అది మీ ఇంట్లో ఉండదు. కింది ఫ్లాటులో అమలమ్మ గారి డైనింగ్ టేబుల్ మీద ఉంటది.”

అలా పుట్టింది అట్టగోడ. అటొక బోర్డు, ఇటొక బోర్డు, మధ్యలో రెండేసి అడుగులకి నిలువునా ఒక రేకు చానెల్, మిగతాదంతా గాలి. వేలితో కొడితే ఖాళీ అగ్గిపెట్టెలా మోగేది. తెల్లరంగు వేశాక మాత్రం పెళ్లిచూపులకి కూర్చోబెట్టినట్టు మర్యాదగా కనపడింది.

ఇక అలమర. మిల్లులో తీసేసిన పాత టేకు దూలాలు కొని, వన్‌టౌన్ వడ్రంగి కరిముల్లా చేత రావుగారు నాలుగు తలుపుల గోడ అలమర చేయించారు. పైకి తేవటానికి ముందు కాటా వేయించారు కూడా. ఖాళీ అలమర నలభై ఆరు కిలోల మూడొందల గ్రాములు.

దాన్ని ఎక్కడ తగిలించాలి? వంటింటికి తూర్పున ఇటుక గోడుంది. ఏనుగుని తగిలించినా నోరెత్తదు. కానీ తూర్పున బరువు పెడితే ఇంటి యజమానికి అరిష్టమట. బరువెప్పుడూ పడమరే ఉండాలట. పడమర ఉన్నది అట్టగోడ. శాస్త్రం ఎంత లోతైనదో చూడండి. బరువు మోయగల గోడకి విశ్రాంతి, మోయలేని గోడకి అలమర!

“అయ్యగారూ, తగిలించొచ్చు. కాకపోతే ఒక పూట పని,” అన్నాడు కరిముల్లా. “ముందు బోర్డు కోసి, లోపల చానెల్ నుంచి చానెల్‌కి దళసరి ప్లైవుడ్డు బిగించాలి. మళ్లీ బోర్డు మూసి, ఆ ప్లైవుడ్డులోకి దిగేట్టు స్క్రూలు వెయ్యాలి. వట్టి అట్టకి బిగిస్తే నిలబడదండి.”

“కొత్త గోడని కొయ్యటమా? అందులోనూ ఆషాఢంలో? శూన్యమాసంలో గోడ విప్పితే యజమానికి గండం.”

యజమానురాలి గండం గురించి శాస్త్రంలో ఏముందో ఆయన చూడలేదు. ఆ అలమర కిందే మిక్సీ. అక్కడే కూరలు తరిగే గట్టు. రోజులో సగం పొద్దు ఆయన భార్య ఛాయాదేవి గారు నిలబడేదీ అక్కడే. ఆవిడ కొలతలు మాత్రం కరిముల్లా తీసుకున్నాడు. అలమర ఆవిడ తలకి ఎంత ఎత్తులో ఉండాలో చూడటానికి.

రావుగారు గోడ ముందు అరగంట నిలబడ్డారు. ముప్ఫై ఏళ్ల అనుభవం ఊరికే పోతుందా? ఆయనకి తరాజు తట్టింది. గోడకి ఈ పక్కనుంచి ఆ పక్కకి బోల్టులు దింపారు. వంటింట్లో అలమర, హాలువైపు చెక్క పలక, దానికి రెండు కొక్కేలు. కొక్కేలకి సరిగ్గా అలమర బరువుకి సరిపడా రెండు ఇసుక బస్తాలు. చూడటానికి బాగుండదని వాటికి పాత దిండు గలీబులు తొడిగారు. ఒక గలీబు మీద గులాబీ, రెండో దాని మీద ‘స్వీట్ డ్రీమ్స్’.

“అటెంతో ఇటంతే. ఇక గోడకి పనేముంది?” అన్నారాయన.

అక్కణ్నించి ఆ ఇంట్లో మొదలైన నాగరికత మామూలుది కాదు. తుమ్మొస్తే బాల్కనీలోకి పరుగు. తలుపులు వేసేటప్పుడు పసిపిల్లని పడుకోబెట్టినట్టు వెయ్యాలి. గట్టిగా అరిస్తే గోడ అదురుతుంది కాబట్టి మొగుడూ పెళ్లాల పోట్లాటలు డాబా మీదకి మారాయి. ఇంకో మూడంతస్తులు ఎక్కేసరికి కోపమెందుకొచ్చిందో గుర్తుండేది కాదు. దిగేటప్పుడు మోకాళ్ల గురించి మాట్లాడుకుంటూ దిగేవాళ్లు. ఇటుక గోడ ఏ సంసారానికైనా ఇంత మేలు చేసిందా?

అసలు మేలు తూకంలో ఉంది. అలమరలోంచి ఏది తీసినా అవతల అంత బరువు తగ్గాలి. ఏది పెట్టినా అంత పెరగాలి. అందుకని వంట జరిగినంతసేపూ రావుగారు పలక పక్కన కుర్చీ వేసుకుని, రాళ్లు కొన్ని బస్తాల మీద, కొన్ని ఒళ్లో పెట్టుకుని సిద్ధంగా ఉండేవారు.

“ఏమండీ, కందిపప్పు డబ్బా తీస్తున్నా.”

“ఎంత?”

“డబ్బాతో కలిపి కిలోన్నర.”

“ఆగు, ఆగు. ఆ, ఇప్పుడు తియ్యి.”

జీలకర్రకీ అంతే. చిటికెడు జీలకర్రకి ఏ రాయీ సరిపోక, ఆయన బస్తా మీంచి ఒక పోకచెక్క తీసి నోట్లో వేసుకునేవారు.

ఇలా రెండు వారాలు నడిచింది. ఒక మంగళవారం పొద్దున ఛాయాదేవి గారు ఇడ్లీపాత్ర తీస్తున్నానని చెప్పారు. ఆయన పేపర్లో ఏదో చదువుతూ “ఊఁ” అన్నారు. ఆవిడ తీసేశారు. గోడలోంచి అప్పడం విరిగినట్టు చప్పుడైంది. అలమర రెండు వేళ్ల మందం ముందుకి వంగింది. తలుపు తెరుచుకుని, గోంగూర పచ్చడి జాడీ జారి, ఆవిడ కుడికాలికి జానెడు దూరంలో పడి పగిలింది. కింద గచ్చుపలక కూడా రెండయింది. గోడ నిండా గోంగూర.

రావుగారు గుమ్మంలోకి వచ్చి చూశారు.

“ఆ జాడీ అంత బరువుందని ముందే చెప్పొద్దూ?”

ఛాయాదేవి గారు పెంకులు ఏరి, గోంగూర తుడిచారు. ఆ రోజు పోట్లాటకి డాబా మీదకి వెళ్లలేదు. మధ్యాహ్నం కరిముల్లాకి ఫోన్ చేశారు.

అతనొచ్చి, జేబులోంచి పాత రేడియో స్పీకరు అయస్కాంతం తీసి గోడ మీద జరిపాడు. రేకు చానెల్ ఉన్నచోట అది టక్కున అతుక్కుంది. మిగతాచోట్ల జారిపోయింది. అలమర బోల్టులు సరిగ్గా జారిపోయినచోటే ఉన్నాయి.

“అయ్యగారూ, ఇది తరాజు కాదండి. ఇటు యాభై, అటు యాభై వేస్తే చెల్లుకు చెల్లు కాదు. మొత్తం వంద. ఆ వందా ఈ అట్టే మొయ్యాలి.”

“ముప్ఫై ఏళ్లు కాటా చూసినవాడికి నువ్వు తూకం నేర్పుతావా కరిముల్లా?”

“మీ కాటా కింద సిమెంటు దిమ్మ ఉందండి. దీని కింద అమ్మగారున్నారు.”

 రావుగారు బోల్టులు బిగించి, గలీబుల్లో ఇంకో రెండేసి కిలోల ఇసుక పోశారు. శ్రావణం రానీ, అప్పుడు చూద్దామన్నారు.

ఇంతలో కాలవకి నీళ్లొదిలారని చల్లపల్లి నుంచి కబురొచ్చింది. రావుగారికి అక్కడ రెండెకరాలుంది. ఊడ్పులు దగ్గరుండి చూసుకోవాలి. బస్సెక్కే ముందు భార్యకి జాగ్రత్తలు చెప్పారు.

“నేనొచ్చేదాకా అలమర జోలికెళ్లకు. తప్పదనుకుంటే పావుకిలో మించి తియ్యకు.”

“సరేనండి,” అన్నారావిడ.

ఆయన బస్సు బెంజి సర్కిల్ దాటకముందే కరిముల్లా రంపం తీశాడు. అలమర దింపాడు. వంటింటివైపు బోర్డు కోశాడు. చానెళ్లకి అడ్డంగా దళసరి ప్లైవుడ్డు బిగించి, కొత్త బోర్డుతో మూసి, లప్పం పెట్టాడు. ఒక పూట ఆరనిచ్చి రంగు వేశాడు. గోడ పొడుగునా టేకు బద్ద ఒకటి లావు స్క్రూలతో ప్లైవుడ్డులోకి దించి, అలమరని దాని మీద కూర్చోబెట్టాడు. చివరికి అలమర అంచు రెండు చేతులా పట్టుకుని, కాళ్లు పైకి మడిచి వేలాడాడు. అలమర కిమ్మనలేదు.

“నేను డెబ్బై రెండు కిలోలమ్మా,” అన్నాడు గాల్లోంచే.

ఛాయాదేవి గారు గోంగూర జాడీ పగిలిన రోజు తర్వాత మొదటిసారి ఆ గట్టు దగ్గర తల ఎత్తి నిలబడ్డారు. పెళ్లినాటి ఇత్తడి సామాను, రెండు ఆవకాయ జాడీలు, చిన్న రోలు అన్నీ ఎక్కించారు. అలమర అన్నీ మోసింది. ఎవరినీ బరువడగలేదు.

“హాల్లో ఆ ఇసుక బస్తాలు తీసెయ్యమంటారా?”

“వద్దు. ఆ పలకని కూడా చానెల్‌కి గట్టిగా బిగించెయ్యండి. పడకుండా ఉంటే చాలు.”

“మరి అయ్యగారికి ఈ ప్లైవుడ్డు సంగతి చెప్పమంటారా?”

“ఆయన అడిగితే చెప్పండి,” అన్నారావిడ గట్టు తుడుస్తూ. “అడగరు లెండి.”

రావుగారు నాలుగో రోజు వచ్చారు. రంగు వాసన పీల్చి, గోడకేసి చూశారు.

“గోంగూర మరక పోలేదండి. రంగేయించా,” అన్నారు ఛాయాదేవి గారు.

“గోడ విప్పలేదు కదా?”

“ఆషాఢం కదండీ.”

ఆయన నిమ్మళించి, తలపాగా తీసి, కుర్చీ పలక పక్కకి లాక్కున్నారు.

ఆషాఢం వెళ్లింది. శ్రావణమొచ్చింది. శ్రావణ శుక్రవారమంటే వంటింట్లో పులిహోర, బూరెలు, గారెలు. పొద్దున్నుంచీ పిలుపు మీద పిలుపు. బెల్లానికి లేచారు. శనగపప్పుకి లేచారు. నూనె డబ్బాకి రెండుసార్లు లేచారు, ఒకసారి తీసినందుకు, ఒకసారి పెట్టినందుకు. పదింటికల్లా రావుగారి చొక్కా తడిసిపోయింది. తీసినవీ పెట్టినవీ కలిపి చూసుకుంటే ముప్ఫై ఒక్క కిలోలు తేలింది.

“ఛాయా, రోజూ ఇంత బరువు ఎత్తి దించుతావా?”

“పండగలకి ఎక్కువండి.”

“ఎప్పణ్నించీ?”

“పెళ్లయిన దగ్గర్నుంచీ.”

ఆయన ఐదు కిలోల రాయి కింద పెట్టి నడుం పట్టుకున్నారు.

“పొద్దున్నుంచి నలభైసార్లు లేచానే.”

“నేనింకా కూర్చోలేదండి.”

 రావుగారు ‘స్వీట్ డ్రీమ్స్’ బస్తా వంక చూశారు.

“శ్రావణం వచ్చేసిందిగా. కరిముల్లాని పిలుద్దామా? ఆ ప్లైవుడ్డేదో పెట్టించేస్తే ఒక పనైపోతుంది.”

ఛాయాదేవి గారు అలమర తలుపు తీశారు.

“ఇప్పుడెందుకండీ తొందర? మీ తూకం బ్రహ్మాండంగా పనిచేస్తోందిగా. అరకిలో మినప్పప్పు తీస్తున్నా, చూసుకోండి.”