అల్సీడ్ ముందు పన్ను, ఆఖరి మైనం పలక

ఆ సోమవారానికి అల్సీడ్ ఫోంటెనో పెట్టుకున్న పనులు చాలా తక్కువ. పొద్దున రికార్డింగ్, మధ్యాహ్నం ఇంట్లో ఎర్ర చిక్కుడు గింజల కూరా అన్నం, మర్నాడు పళ్ళ డాక్టరు. న్యూ ఆర్లియన్స్‌లో సోమవారమంటే పెరట్లో బట్టల ఉతుకుడు, పొయ్యి మీద చిక్కుడు గింజలు. "కూర చల్లారేలోపు రాకపోయావో, చూసుకో!" అని భార్య ఎర్నెస్టీన్ గరిటె ఊపి మరీ పంపింది.

అసలు తంటా అంతా ఆ ముందు పన్నుతోనే. అది కదులుతోంది, రేపు డాక్టరు పీకేస్తాడు. కార్నెట్ అనే పొట్టి బాకా ఊదేవాడికి ముందు పన్ను పోతే పెదవికి ఆనుడు పోతుంది, దాంతో నాదమూ పోతుంది. ఆ నాదం మామూలుదా! అతను పెళ్ళిలో ఊదితే ముసలమ్మలు లేచి చిందేసేవారు, చావులో ఊదితే అప్పులవాళ్ళు కూడా ఏడ్చేవారు. ఇన్నేళ్ళుగా ఊరంతా విని మురిసిన ఆ బాకా ఒక్క రికార్డులోకీ ఎక్కలేదు. ఈ పూట ఎక్కకపోతే ఇక ఎక్కేదే లేదు. అందుకే పంటి కింద లవంగం నొక్కిపెట్టి, ఎవరితోనూ పెదవి విప్పకూడదని ఒట్టేసుకుని బయల్దేరాడు.

రికార్డు చేయడానికి షికాగో నుంచి వచ్చిన క్లేటన్ ఒక కుర్చీల కొట్టులో సామాను దించాడు. ఒక పెద్ద గరాటా, దాని చివర సూది, సూది కింద మైనం పలక. గరాటా ముందు వాయిస్తే సూది ఆ పాటను మైనంలో గీస్తుంది. అల్సీడ్ మొదటి స్వరం ఊదాడో లేదో, ఆ నాదం జోరుకి సూది ఎగిరి పలక బయట పడింది.

"పెద్దాయన్ని కాస్త వెనక్కి జరగమనండి" అన్నాడు క్లేటన్.

"వెనక గోడే ఉంది స్వామీ, ఇంకెక్కడికి జరుగుతాడు?" అన్నాడు మేళం పెద్ద, బాంజో వాయించే ఒనొరే.

"గోడకి తలుపుంది కదా."

గుమ్మంలోంచి ఊదాడు. మరో పలక పాడైంది. మెట్ల మీంచి ఊదాడు. ఇంకోటి పోయింది. చివరికి వీధి అవతలి అరుగు మీద నిలబెట్టారు. "ఇదే ఆఖరి పలక. ఇదీ పోతే నేను రైలెక్కేస్తా" అన్నాడు క్లేటన్.

ఇక్కడే ఒనొరే కొంప ముంచాడు. అల్సీడ్ నాదమంతా బాగా పలుకుతుందని అతను ఎంచిన పాట, శవం వెంట శ్మశానానికి నడిచేటప్పుడు వాయించే నెమ్మది కీర్తన. ఆ పేటలో అది వినబడితే సబ్బు చేతులతోనైనా వీధిలోకి రావాల్సిందే. పలక తిప్పకముందు అల్సీడ్ దాన్ని ఒకసారి ఊది చూసుకున్నాడు, డెల్ఫీన్ పిన్ని అలాగే వచ్చింది.

"ఎవరు పోయారు నాయనా?"

అల్సీడ్ తల అడ్డంగా ఊపి నోరు చూపించాడు. పన్ను పోటుకి కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారుతున్నాయి.

"అయ్యో పాపం, మాట కూడా పెగలడం లేదు!"

మగవాళ్ళు టోపీలు తీశారు. "ఒంటరిగా నిలబడి ఊదుతున్నాడంటే పోయింది సొంత మనిషే" అన్నాడొకడు.

"ఇంకెవరు, ఎర్నెస్టీనే! మొన్ననే నన్ను దుమ్మెత్తిపోసింది, బంగారంలాంటి మనిషి" అని డెల్ఫీన్ కళ్ళొత్తుకుంది. పోయినవాళ్ళింటికి వట్టి చేతులతో వెళ్ళకూడదు కనుక, వండుకున్న చిలగడదుంప పాయసం గిన్నెతో పక్క వీధిలోని ఫోంటెనో ఇంటికి పరిగెత్తింది. తలుపు తీసింది ఎర్నెస్టీన్. గిన్నె కింద పడింది.

"నువ్వు పోయావుగా!"

"ఎవరు చెప్పారు?"

"మీ ఆయనే, బాకా ఊది మరీ చెబుతున్నాడు!"

అప్పటికి ఆఖరి పలక తిరుగుతోంది. కీర్తన ఎంత గొప్పగా సాగుతోందంటే, ఎవరు పోయారో తెలియనివాళ్ళు కూడా వెక్కుతున్నారు. కానీ కొట్టు లోపల సూది వణుకుతోంది. ఎగరడానికి ఒక్క స్వరం చాలు. అప్పుడే జనాన్ని తోసుకుంటూ, గరిటె పైకెత్తి ఎర్నెస్టీన్ దిగింది.

"నేను చస్తే పొయ్యి మీది కూర ఎవడు కలుపుతాడయ్యా, సన్నాసీ!"

అల్సీడ్ ఊదుతూనే గిర్రున ఆమె వైపు తిరిగాడు. వీపు గరాటా వైపు పడింది. సూది వణుకు తగ్గింది. పోయిందనుకున్న మనిషి కళ్ళముందుండేసరికి జనం కేరింతలు కొట్టారు. పూడ్చివచ్చేటప్పుడు హుషారు పాట ఎత్తుకోవడం ఆ ఊరి అలవాటు. అల్సీడ్ పెదవులు వాటంతటవే ఎత్తుకున్నాయి, లోపల మేళం వెంటనే అందుకుంది, వీధి వీధంతా చిందేసింది. క్లేటన్ తల పట్టుకుని, పలకను గుడ్డలో చుట్టుకుని, చెప్పకుండానే రైలెక్కేశాడు.

మర్నాడు పన్ను పోయింది, దాంతో ఆ నాదమూ పోయింది. అల్సీడ్ మళ్ళీ కార్నెట్ ముట్టలేదు. చలికాలంలో రికార్డు వచ్చింది. పేటంతా ఒక్క గదిలో ఇరుక్కుని విన్నారు. వీపు తిప్పి ఊదినందుకో ఏమో, ఆ బాకా ఎక్కడా చీలకుండా, తేనెలా, నిండుగా పలికింది. అల్సీడ్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ నాదం నడుమ, అంతే నిండుగా, ఎర్నెస్టీన్ గొంతూ పలికింది.

అప్పట్నుంచీ ఆమెకి మొగుణ్ణి తిట్టే శ్రమ తప్పింది. రికార్డు పెడితే సరిపోతోంది.