నడినెత్తిన పరదా

తెల్లవారుతూనే బయలుదేరితే ఎండ ముదరకముందే మిర్యాలగూడ చేరవచ్చని సూర్యాపేట వకీలు రాందాస్ అనుకున్నాడు. అక్కడుంటున్న, అతని భార్య ఆండాళు వాళ్ల అక్కకు పెళ్లయిన చాలా ఏళ్లకు కొడుకు పుట్టాడు. బారసాలలో వాణ్ణి చెల్లెలే తొట్టెలలో వేయాలని అక్క పట్టుబట్టింది. ముహూర్తం మధ్యాహ్నం లోపే. ఆడవాళ్లు పరదా దాటని గోషా ఇంటి కోడలు బస్సెక్కకూడదు కనుక, హైదరాబాదు వదిలి స్వదేశం వెళ్లిపోతున్న తెల్లదొర దగ్గర రాందాస్ కారు కొన్నాడు. ఆండాళు ఏదీ అడిగే మనిషి కాదు. అడగనిది తెచ్చిపెట్టడంలో మగవాడికి ఒక గర్వం ఉంటుంది.

ఆ కారుకు ముందుకూ వెనక్కూ జరిగే కప్పు ఉంది. ఆ ఉదయం అది రెండు వేళ్ల సందు మిగిల్చి ఆగిపోయింది. డ్రైవర్ కొమురయ్య ఆముదం పోశాడు. గుంజాడు. చివరికి సుత్తె తెచ్చాడు. కప్పు మొత్తం వెనక్కి పోయి అక్కడే కూర్చుంది.

కోడలికి తోడుగా బయలుదేరిన రాందాస్ తల్లి వెంకటనర్సమ్మ, నిండా ముసుగేసుకుని వచ్చి, కిటికీల పరదాలు సరిచూసుకుని లోపలికి తొంగిచూసింది. ఆకాశం కనిపించింది.

"ఇదేం గోషారా? నాలుగు దిక్కుల మూసి నడినెత్తిన తెరిస్తివి!"

"పైనుంచి ఎవరు సూస్తరే అమ్మా?"

"తాటిచెట్లెక్కి కల్లు గీసేటోళ్లు లేరా? అది మూస్తెనే పోవుడు. లేకుంటె ఇంట్ల కూసుందాం."

తలుపు వెనక ఆండాళు గాజులు ఒకసారి చప్పుడై ఆగిపోయాయి. అది విని రాందాస్ ఇంట్లోకి పరుగెత్తాడు. పెట్టె తెరిచి, చేతికందిన ఆకుపచ్చ పట్టు దుప్పటిని, దాని జరీ అంచైనా చూసుకోకుండా, తాళ్లతో కారు నెత్తిన కట్టించాడు.

గరిడేపల్లి దాకా బాగానే సాగింది. అవి జాన్‌పహాడ్ దర్గా ఉర్సు జాతర రోజులని ఎవరికీ తట్టలేదు. ఎడ్లబండ్లలో దర్గాకు పోతున్న జనం, ఆకుపచ్చ పట్టు కప్పుకుని మెల్లగా వస్తున్న కారును చూసి అడ్డం నిలబడ్డారు.

"సైదులు బాబా గోరీకి కప్పే చాదర్ పోతున్నది! ఆపుండ్రి!" అంటూ సైదమ్మ అనే ముసలామె చేతులు జోడించింది.

రాందాస్ దిగాడు. "చాదర్ గాదమ్మా, ఇది మా కారు కప్పు."

"మొక్కినోళ్లు గట్లనే అంటరు బిడ్డా. బయటికి చెప్పుకోరు."

"లోపల గోషా ఉన్నది. దగ్గరికి రావొద్దు!"

"సూసిన్రా, ముట్టనిస్తలేరు!"

ఎవరైనా దాస్తున్నారంటే అక్కడ ఏదో ఉందనుకోవడం మనసు స్వభావం. రాందాస్ కోర్టులో ఎన్నో అబద్ధాలను నిరూపించినవాడు. ఈ ఒక్క నిజాన్ని నిరూపించలేకపోయాడు. దుప్పటి మీద మొక్కుల చక్కెర పడింది. బెల్లం, బంతిపూలు పడ్డాయి. ఒకాయన కాళ్లు కట్టిన కోడిపుంజును కూడా పైన పెట్టాడు. ఎండ ముదురుతోంది.

"దొరా, ఇగ జాన్‌పహాడే పోదాం. జనం మనసు నొప్పించుడెందుకు?" అన్నాడు కొమురయ్య, చక్కెర చప్పరిస్తూ.

అంతలో ముడి జారింది. దుప్పటి, చక్కెర, పుంజు అన్నీ లోపల పడ్డాయి. రెండు కేకలు వినిపించాయి. తర్వాత తెరిచిన కప్పులోంచి, తల నిండా చక్కెరతో, చంకలో పుంజుతో వెంకటనర్సమ్మ లేచి నిలబడింది. పెళ్లయినప్పటి నుంచి పరాయి మగవాడి కంటపడని ముఖం అది.

"ఎవనిదిరా ఈ కోడి? అవతల మా కోడలు పసిపోరన్ని తొట్టెల్ల ఎయ్యాలె! పొద్దు నెత్తికొస్తున్నది! తొవ్వియ్యుండ్రి!"

జనం నోళ్లు తెరిచారు. ముందుగా తేరుకున్నది సైదమ్మే. "పసిపోరని పనంటరా! నిలబడి సూస్తరేందిరా, బండ్లు పక్కకు తియ్యుండ్రి!"

బండ్లు పక్కకు తప్పుకున్నాయి. పుంజు యజమానికి చేరింది. కారు కదిలింది. వెంకటనర్సమ్మ మాత్రం కూర్చోలేదు.

"కూసోండి అత్తమ్మా," అంది ఆండాళు లోపలి నుంచి.

"జర ఆగు. గాలి మంచిగున్నది." కొంత దూరం పోయాక కిందికి వంగింది. "నువ్వు గూడ లే బిడ్డా."

ముహూర్తానికి అందుకున్నారు. ఆండాళు తొట్టెల మీదికి వంగినప్పుడు జడలోంచి చక్కెర పలుకు రాలి పసివాడి పెదవి మీద పడింది. వాడు నాలుక చాపాడు. అక్కాచెల్లెళ్లు ఏడ్చేదాకా నవ్వారు.

ఆలోపు రాందాస్ ఊరంతా తిరిగి మిస్త్రీని పట్టుకుని, కప్పు మూయించి, చుట్టూ మేకులు దిగ్గొట్టించాడు. సాయంత్రం తల్లిని, భార్యను పిలిచి గర్వంగా చూపించాడు.

"ఇగ ఫికర్ లేదమ్మా. ఇది మళ్ల జన్మల తెరుసుకోదు."

అత్తాకోడళ్లు కప్పు వైపు చూశారు. తర్వాత ఒకరి వైపు ఒకరు చూసుకున్నారు.

సూర్యాపేట చేరేదాకా రాందాస్‌తో కొమురయ్య ఒక్కడే మాట్లాడాడు.