మోకాలికి ప్రాథమిక కీ

అశోక్‌నగర్ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, పోటీ పరీక్షల పాఠాలు చెప్పే శ్రీపతి సార్‌కు మోకాలి నొప్పి తగ్గింది. ఇంత ఘోరం జరుగుతుందని ఎవరూ ఊహించలేదు.

అంతకుముందు అంతా సవ్యంగానే ఉండేది. కీళ్లవాతంతో మోకాలు బూరెలా ఉబ్బి, సార్ కుర్చీలో కూర్చునే పాఠం చెప్పేవారు. కూర్చుని చెప్పేవాడికి సబ్జెక్టు రాదని అశోక్‌నగర్‌లో సిద్ధాంతం. అందుకే కోచింగ్ సెంటర్ యజమాని ఉమాకాంత్ ఎంతో మర్యాదగా, "సార్, వచ్చే బ్యాచ్‌కి జర నిలబడి చెప్పాలె. లేకుంటే ఇంకొకరిని చూసుకుంటం. ఏమనుకోకుండ్రి," అన్నాడు. సార్ ఏమీ అనుకోలేదు. ఆ సాయంత్రమే సూదుల వైద్యం వెతుక్కుంటూ బయల్దేరారు, అంతే.

నారాయణగూడలో డాక్టర్ నళిని గారు ఆక్యుపంక్చర్ సూదులు గుచ్చారు. కొన్ని వారాలకు వాపు తగ్గి, సార్ చిక్కడపల్లి లైబ్రరీ దాకా ఆటో ఎక్కకుండా నడిచి వెళ్లారు. పట్టరాని సంతోషంలో ఆయన చేసిన పొరపాటు ఒక్కటే. ఎలా తగ్గిందని డాక్టరు గారిని అడిగారు.

"సూది పెట్టిన కాడ నొప్పిని అణిచే రసాయనం పెరుగుతది. నరాల గుండ మెదడుకు కబురు పోతది, వాపు తగ్గించమని అక్కడి నుంచి హుకుం వస్తది. ఎలుకల్లో చూసిన్రు సార్. మనుషుల్లో ఎంతవరకో ఇంకా పూర్తిగా తేలలే. మీరు మాత్రం మాత్రలు ఆపొద్దు," అన్నారావిడ.

తేలలేదా! హవ్వ! అశోక్‌నగర్‌లో తేలని విషయమంటూ ఉండటానికి వీల్లేదు. సార్ మర్నాడే క్లాసులో డాక్టరు గారి మాటలు పూసగుచ్చినట్టు చెప్పి, బోర్డు మీద బిట్టు రాశారు. ఆక్యుపంక్చర్‌తో వాపు నొప్పి తగ్గుటకు కారణం: ఎ) సూది చోటి రసాయనం, బి) నరాల కబురు, సి) మెదడు హుకుం, డి) పైవన్నీ. కీ ప్రకారం జవాబు, డి.

సంజన అనే అభ్యర్థి లేచింది. "ఎలుకల కీ మనుషులకెట్ల పెడ్తరు సార్? తేలలేదనే ఆప్షనేది?"

"తేలనిదానికి మార్కులెవరిస్తరక్కా? పరేషాన్ చేయకు!" అని వెనక బెంచీ గయ్యిమంది.

మధ్యాహ్నానికి ఆ కీ తప్పంటూ లైబ్రరీ మెట్ల మీద ధర్నా. ఎ వర్గం, బి వర్గం గొంతులు చించుకున్నాయి. సి వర్గం టీ తాగి వచ్చి కలిసింది. ఉమాకాంత్ దూరదృష్టితో విశ్రాంత మేధావుల కమిటీ వేశాడు. కమిటీ అన్ని పక్షాల వాదనలూ సావధానంగా విన్నది. ఆ పొద్దంతా శ్రీపతి సార్ కమిటీ గది గుమ్మం దగ్గర, గోడకైనా ఆనుకోకుండా, తన కాళ్ల మీద తాను నిలబడే ఉన్నారు. ఆయన మోకాలి వంక చూసినవారు లేరు.

సాయంత్రానికి ఉత్తర్వు వెలువడింది. "సదరు ప్రశ్న రద్దు చేయడమైనది. అందరికీ ఒక మార్కు కలపడమైనది. శ్రీపతి గారు నిలబడుట, తుది కీకి లోబడి, తాత్కాలికంగా అనుమతించడమైనది."

బ్యాచ్ సార్‌కే దక్కింది. ఆయన మాత్రలు వేసుకుంటూ, సూదులు గుచ్చించుకుంటూ, హాయిగా నిలబడి పాఠం చెబుతున్నారు. తుది కీ మాత్రం ఇంకా రాలేదు. అశోక్‌నగర్ పిల్లల్ని చూసి నవ్వుకునే హక్కు మీకు లేకపోలేదు గానీ, ఆ నాలుగు ఆప్షన్లు చదవగానే మీరూ మనసులో ఒకదానికి టిక్కు పెట్టేసి, అది కరెక్టో కాదో చూసుకుందామనే కదండీ ఇంతదాకా వచ్చింది?