పరుపు గుంట సంగ్రామం

నా ఏడుపంతా వంపుల మాస్టారి మీదే. స్వయానా నా బావమరిది. కంటబడ్డ ప్రతి వంకరకూ శాస్త్రనామం తగిలించనిదే పచ్చి మంచినీళ్ళు ముట్టని ప్రకృతిశాస్త్రోపాధ్యాయ శిరోమణి. చిక్కుడు గింజ మూత్రపిండాకారమట, నత్తగుల్ల సర్పిలాకారమట, మనందరి చెవుల్లోనూ కర్ణావర్తమనేది చుట్టచుట్టుకుని పడుకుని ఉందట. ఉండనీ. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి, నాకెందుకు? నాకు కావలసింది నా గుంట.

అది ప్రచండమార్తాండుడు ఎదురింటి నీళ్ళ ట్యాంకు వెనక్కి దిగజారుతున్న సాయంసంధ్యాసమయం. పగలల్లా దుకాణాల ఇనుప షట్టర్లు బిగించే పనిలో వాటితో ద్వంద్వయుద్ధం చేసి, భగ్నకటినై, స్వేదసిక్తగాత్రుడనై నేను ముందుగదిలో అడుగుపెట్టేసరికి, సోఫా దూదిపరుపు నడిమధ్యన, పెళ్ళైన నాటినుంచీ కూర్చుని కూర్చుని స్వహస్తాలతో కాకున్నా స్వశరీరంతో నేను నిర్మించుకున్న ఆ గుంటలో, ఆ ఏకైక నడుమునొప్పి నివారణ దుర్గంలో, శత్రువు పుస్తకధారియై ఆసీనుడై ఉన్నాడు!

"ఓయీ వక్రాకారకోవిదా! షట్టరుమర్దనుడనైన నా నడుము నిప్పులు కక్కుచుండ, మద్భారఖనితమగు ఈ గర్తము నాక్రమింప నీకెన్ని గుండెలు?" అని గర్జించబోయాను. నోటికి వచ్చింది మాత్రం, "ఒరేయ్, లేరా. నడుము పట్టేసింది."

"గుంట కాదు బావా, పుటాకారం," అన్నాడు తలెత్తకుండా. "నా కటివక్రతకి అచ్చు గుద్దినట్టు సరిపోయింది."

"చేసుకుంది నేనురా!"

"చేసింది నువ్వే, సరిపోయింది నాకు. నత్త కట్టుకున్న గుల్లలో ఎండ్రకాయ కాపురం చెయ్యట్లేదూ?"

వంటింట్లోంచి గృహసామ్రాజ్ఞి తీర్పు వెలువడింది. "ఇంటికొచ్చినవాణ్ణి లేపుతారా? ఆ సోఫా మూల చతికిలబడండి."

"మూల కర్ర గుచ్చుకుంటుందే."

"గుచ్చుకోనీండి. పాపం, తమ్ముడొచ్చేదే నెలకోసారి."

నెలకోసారి వచ్చి నెలంతా ఉంటాడు.

అంతలో శత్రువు దాహార్తుడై వంటింటికి కదిలాడు. గుంటలో కూర్చుంటే మా ఆవిడ లేపుతుంది. కనుక, మహావృక్షాన్ని పెకలించే మల్లుడిలా పరుపు రెండంచులూ పట్టి, భూగోళం దద్దరిల్లేలా బోర్లా తిప్పేశాను! అడుగున ఉబ్బి ఉన్న పరుపు బొజ్జ పైకి లేచింది.

తిరిగొచ్చి కూలబడ్డ మాస్టారు సర్రున జారి మూల కర్రకు గుద్దుకున్నాడు. నడుము పట్టుకున్నా వాడి మొహం వెలిగిపోయింది.

"బావా, కుంభాకారం!"

"అవునా? అయితే ఆ మూలే ఉండు." నేను మిట్టెక్కి కూర్చున్నాను.

"ప్రతి కుంభాకారం వెనకా ఓ పుటాకారం ఉంటుంది బావా. తిప్పితే చాలు."

"తిప్పనురా."

తిప్పితే వాడు కూర్చుంటాడు. అందుచేత, సకల సోఫామండలమా, వినుము! నడుముపోటును లెక్కింపక, ఉత్తుంగశిఖరాగ్రమున అటూ ఇటూ ఊగుచు షట్టరుమర్దనుడు జయించెను. పోయిన భూమి: ఒక గుంట. వెడల్పు మూరెడు, లోతు బెత్తెడు.