సుభాషిణి మింగిన మాటలు

ఆఫీసులో సుభాషిణి మింగేసిన మాటల్ని ఇంట్లో ఆమె పిల్లి మిరియం కక్కుకోవడం మొదలుపెట్టింది. మొదట్లో చిన్నచిన్నవే. ఆమె "అలాగే సార్" అని వచ్చిన రోజున "కుదరదు సార్" అన్న మాట చాప మీద తడితడిగా పడి ఉండేది. తడిగుడ్డతో తుడిస్తే పోయేది. ఊళ్లో పిల్లిని పెంచుకునే ప్రతి ఇంట్లోనూ ఉన్న బాధే కాబట్టి ఆమె పెద్దగా పట్టించుకోలేదు.

నీటి సరఫరా ఆఫీసులో కుళాయి నీళ్లు పరీక్షించడం ఆమె పని. గొల్లలపేట నీళ్లలో మురుగు కలుస్తోందని తేలిన రోజున ఇంజనీరు పర్వతాలరావు "బాగున్నాయని రాసెయ్యమ్మా" అన్నాడు. రాసేసింది. ఆ సాయంత్రం మిరియం డొక్కలు ఎగరేసుకుంటూ "ఆ నీళ్లు తాగితే పసిపిల్లలు పోతారు" అన్న వాక్యాన్ని పూర్తిగా కక్కి, పక్కకి ఒరిగిపోయింది. సుభాషిణి దాన్ని తువ్వాల్లో చుట్టుకుని పరుగెత్తింది.

పశువుల డాక్టరు జకరయ్య పిల్లి పొట్ట నొక్కి, చిగుళ్లు చూశాడు.

"వెంట్రుకలు ఉండకట్టాయేమో అనుకున్నాను. కాదు, మాటలే. పాలు పట్టారా?"

"నీరసంగా ఉందని పట్టానండి."

"పట్టకండి, చాలా పిల్లులకి అరగవు. మన మాత్రలు అసలు వెయ్యకండి. నీళ్లు కొంచెం కొంచెంగా ఇవ్వండి. తేరుకున్నాక ఉప్పూకారం లేకుండా ఉడికించిన కోడిమాంసం." సూది వేసి చేతులు కడుక్కున్నాడు. "మీరు మింగడం మానకపోతే మాత్రం మందు పనిచెయ్యదు. అంత పెద్ద వాక్యం ఇంకోటి ఇది తట్టుకోలేదు."

మర్నాడు సుభాషిణి ఇంజనీరు గదిలో నిలబడి ఆ వాక్యాన్ని పైకే అనేసింది. గొంతు ఎన్నడూ లేనంత తేలికపడింది.

"గొల్లలపేటకి నీళ్లు ఆపించండి సార్."

పర్వతాలరావు కోప్పడలేదు. ఫోను వైపు చూశాడు. పైవాళ్లకి చెప్పవలసిందేదో నోటిదాకా వచ్చినట్టుంది. గుటక వేశాడు. ఆ చప్పుడు ఆమెకి స్పష్టంగా వినిపించింది.

"మీ పిల్లికి ఎలా ఉందమ్మా?"

"పొద్దున కాస్త తిందండి."

"అదృష్టవంతురాలివి. మా ఇంట్లో రెండు పోయాయి. ఇవాళ మూడోదాన్ని తెచ్చుకోవాలి. ఎలాంటిదైతే ఎక్కువ కాలం ఆగుతుందంటావ్?"

సుభాషిణి నిజంగానే ఆలోచించింది.

"వీధి పిల్లులు గట్టివండి," అంది.

సాయంత్రం గొల్లలపేటలో వేళకే కుళాయిలు వచ్చాయి. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని వరసలో నిలబడ్డారు.