మీ ఫొటో ఇక్కడ పెట్టండి

బంధుమిత్రులకు, గ్రూపు సభ్యులకు సవినయంగా తెలియజేయడమేమనగా, ముప్పై ఏళ్లుగా ఫొటో స్టూడియో నడుపుతున్న నేను, కోడింగు ఒక్క ముక్క రాకుండానే, నా వెబ్‌సైటును నా చేతులతో నిర్మించుకున్నాను. దాని ఘనవిజయం గురించి ఈ నాలుగు మాటలు.

మా వీధి చివరి స్కూలుకు యాభై ఏళ్లు నిండుతున్నాయి. అక్కడ ఏటా క్లాసు ఫొటోలు తీసేది నేనే. ఈసారి ఉత్సవ కమిటీవారు, ఫొటోగ్రాఫరన్నాక వెబ్‌సైటు ఉండాలనీ, శుక్రవారంలోగా లింకు పంపినవారిలో ఒకరికే పని ఇస్తామనీ తీర్మానించారు. మా ఎదురు షాపు కలర్ ల్యాబ్ ఆయన కూడా బరిలో దిగాడు. ఈ పని పోతే ఆ స్కూలు గేటు నాకిక మూసుకున్నట్టే.

మా బావమరిది కంప్యూటరు నిపుణుడు. వాళ్ల ఆఫీసులో ప్రింటరులో ఇరుక్కున్న కాగితం లాగింది ఆయనే. రెడీగా దొరికే డిజైను తీసుకుని పేరు కొట్టుకోవడమే, పది నిమిషాల పని బావా అన్నాడు. ఆ పది నిమిషాలు తొమ్మిది రోజులు పట్టాయి. పాస్‌వర్డు కుదరడానికి రెండు రోజులు, పేజీ పై పట్టీకి నీలం రంగు ఎంచుకోవడానికి నాలుగు, ఎంచుకున్న నీలం ఎక్కడికి పోయిందో వెతకడానికి మిగతావి.

డిజైనుతోపాటు ఫొటోలూ వచ్చాయి. మంచుకొండ, కాఫీ కప్పు, 'నా గురించి' అన్నచోట ఎర్రగడ్డం పెద్దమనిషి. పైన పెద్ద అక్షరాలతో 'మీ ఫొటో ఇక్కడ పెట్టండి' అని ఉంది. నేను వేటినీ కదిలించలేదు. మా వృత్తిలో ఇది మామూలే. ఫొటో ఫ్రేము కొంటే లోపల నవ్వుతున్న జంట బొమ్మ వస్తుంది, దాన్ని అలాగే షాపు అద్దాల్లో పెడతాం. నా షాపులో ఆ జంట పదిహేనేళ్లుగా నవ్వుతోంది. ఎవరని ఒక్కరూ అడగలేదు. మీ అల్లుడు బాగున్నాడన్నవాళ్లు మాత్రం ఉన్నారు.

మా ఆవిడ ఒక్కతే పెదవి విరిచింది. "ఏమండీ, ఇందులో మీరు తీసింది ఒక్కటైనా ఉందా? అటకమీద పెట్టెనిండా క్లాసు ఫొటోలున్నాయిగా, అవి పెట్టచ్చుగా."

పాత ఫొటోలు పెడితే డిజైను అందం చెడుతుందని ఓపిగ్గా వివరించాను. ఆవిడకు సాంకేతిక పరిజ్ఞానం తక్కువ.

గురువారం కమిటీకి లింకు పంపి, మన గ్రూపులో కూడా పెట్టాను. సైటు తెరుచుకోవడానికి నిమిషం పడుతుంది. మీ అభినందనలు పది సెకన్లలో మొదలయ్యాయి. మొత్తం నూట నలభై మూడు. ప్రతి ఫొటోలోనూ నీ కష్టం కనిపిస్తోందిరా అని మా బాబాయి రాశాడు. మీ మనసే అద్దంలో చూసినట్టుంది మావయ్యా అని మేనకోడలు రాసింది. నాకు కళ్లు చెమర్చాయి.

శనివారం హెడ్మిస్ట్రెస్ గారు ఫోన్ చేశారు. సైట్లు చూసే బాధ్యత కమిటీవారు ఆవిడకు అప్పగించారట.

"ఏమండీ, ఆ ఎర్రగడ్డం ఆయనెవరండీ?"

"ఫ్రేముతో వచ్చారండి మేడమ్."

"ల్యాబ్ ఆయన సైట్లో కూడా ఈయనే ఉన్నారండీ."

ఆవిడ నివేదికపై కమిటీ సుదీర్ఘంగా చర్చించి, ఇద్దరి ప్రతిభా సరిసమానమని తేల్చి, ల్యాబ్ ఆయన సైటులో గడ్డం మరింత స్పష్టంగా ఉన్నందున పని ఆయనకే ఇచ్చింది.

మా ఆవిడ అటకమీది పెట్టె దించి, దుమ్ము దులిపి నా ముందు పెట్టింది. కమిటీలోని ఏడుగురూ అందులో ఉన్నారు, నిక్కర్లలో. నేను నవ్వమంటే నవ్వినవాళ్లే.

సైటు అడుగున, ఎంతమంది చూశారో చూపించే లెక్క ఒకటుంది. అందులో రెండు అని ఉంది. ఒకటి నేను, రెండోది హెడ్మిస్ట్రెస్ గారు.

కాబట్టి లింకు మళ్లీ కింద ఇస్తున్నాను. మీ అభినందనలు యథాప్రకారం దయచేయండి. తెరిచే శ్రమ పడకండి. తెరిచినవాళ్లెవరూ ఇంతవరకు మెచ్చుకోలేదు.