పది దినాల ఉప్పులేని సంగటి

ఆ సోమవారం వెంకటేశప్ప పెట్టుకొన్న పని ఒక్కటే. తెల్లారకముందే లేచి, పండ్లు తోముకోకుండా, బొమ్మనహళ్ళిలో బస్సెక్కి ల్యాబుకు పోయి, గాజు గొట్టంలో ఉమ్మి రావాలి. నలభై ఎనిమిదేళ్ళ మనిషికి ఇదొక పనా అని మీరడగొచ్చు. ఆయన భార్య పిల్లమ్మ కూడా అదే అడిగింది.

వెంకటేశప్ప హొసూరు రోడ్డు పక్కన ఒక ఆహార పరిశోధనశాలలో అటెండరు. పదకొండేళ్ళుగా ఎలుకలకు మేత పెడుతున్నాడు, పదకొండేళ్ళుగా ఆ ఉద్యోగం తాత్కాలికమే. ఎలుకల తరాలు మారాయి గానీ ఈయన కాగితం మారలేదు. 1979 చలికాలంలో అక్కడి డాక్టరు భాగీరథమ్మకు ఒక సందేహం వచ్చింది. రాగులు తప్ప మరేమీ తినని మనిషి ఉమ్మిలో, పిండిని అరిగించే ఎంజైము పెరుగుతుందా తగ్గుతుందా అని. ఎలుకల మీద చూడడం అయింది, మనుషుల మీద చూడడం మిగిలింది. తూచి డబ్బాలో పెట్టిన రాగి సంగటి తప్ప వేరేది ముట్టకూడదు. ఉప్పు ఆ ఎంజైమును ఎగదోస్తుందట, కాబట్టి ఉప్పు అసలే కూడదు. మూతికి సబ్బు తగలకూడదు, కాబట్టి గడ్డం గీసుకోకూడదు. రోజూ తెల్లారి ఉమ్మి ఇచ్చి పోవాలి. ఇట్లా పది దినాలు.

ముందు ఒప్పుకొన్న కాలేజీ పిల్లలు నలుగురూ మూడోనాడే మసాలా దోసెలు తిని, తినలేదని ఒట్లు పెట్టి పట్టుబడ్డారు. అప్పుడు భాగీరథమ్మ కళ్ళు వెంకటేశప్ప మీద పడ్డాయి. పది దినాలు సక్రమంగా ఉంటే పర్మనెంటు చేయమని తానే రాసి పంపుతానంది. వెంకటేశప్ప ఒక్క నిట్టూర్పు విడిచి ఒప్పుకొన్నాడు.

పిల్లమ్మకు మాత్రం తల కొట్టేసినట్లయింది. ఎలుకలకు విసిరిన పిండే మొగుడికీ విసురుతున్నారని వఠారంలో ఎట్లా చెప్పుకొనేది? అందుకే ఇంటి ఓనరు చౌడమ్మ కొళాయి దగ్గర ఆరా తీస్తే, సగమే చెప్పి బిందె ఎత్తుకొంది. పది దినాలు ఉప్పు ముట్టరు, గడ్డం తీయరు, వేరుగా కూచొని తింటారు, అంతే. ఎందుకని అడిగితే కండ్లు దించుకొంది.

చౌడమ్మ అరవై ఏళ్ళుగా ఎన్ని చావులు చూసిందో! పది దినాలు, చప్పిడి కూడు, మాసిన గడ్డం. ఇది సూతకం కాక ఇంకేమి? మరి పోయిందెవరు? వెంకటేశప్పకు సొంత మనిషంటే చందాపురలో బెల్లం అంగడి పెట్టుకొన్న అన్న మునినారాయణప్ప ఒక్కడే. అన్నదమ్ములకు ఆరేళ్ళుగా మాటల్లేవు. మాటల్లేకపోయినా తమ్ముడు ఇంత నిష్ఠగా ఉన్నాడే అని ఆమె జాలిపడింది. చావు జరిగిన ఇంట్లో నోరు తెరిచి ఎవరు పోయారని అడగడం మర్యాద కాదు గనక అడగలేదు. వఠారానికంతా చెప్పింది.

నాలుగోనాటికి వెంకటేశప్పను చూసి జనం గొంతు తగ్గించి మాట్లాడసాగారు. బస్సులో ఎవరో లేచి చోటిచ్చారు. పదకొండేళ్ళకు తన పనికి ఒక విలువ వచ్చిందనుకొన్నాడు పాపం. ఎదురింటాయన చేయి పట్టుకొని, ఇంకా ఎన్ని దినాలప్పా అని అడిగాడు. ఇంకా ఆరు అన్నాడు. తట్టుకొంటాండావా అంటే, పెద్దోళ్ళ కోసం తప్పుతుందా అన్నాడు. ఎదురింటాయన కండ్లొత్తుకొన్నాడు. పరిశోధనకు ఏడ్చేవాళ్ళు కూడా ఉంటారా అని వెంకటేశప్ప కొంచెం విస్తుపోయాడు గానీ, ఆలోచించడానికి ఒంట్లో ఓపిక ఉంటే కదా.

తొమ్మిదోనాడు చౌడమ్మ ఉండబట్టలేక, మునినారాయణప్ప భార్యను పరామర్శిద్దామని చందాపుర పోయింది. తలుపు తీసింది మునినారాయణప్పే. బతికున్న మనిషికి ఏమని చెప్పాలో తోచక, మీ తమ్ముడు సూతకంలో ఉండాడని మాత్రం అనేసి, వచ్చిన బస్సులోనే తిరిగొచ్చింది.

పదోనాడు రాత్రి వెంకటేశప్ప ఆఖరి డబ్బా మూత తీయబోతుండగా మునినారాయణప్ప గుమ్మంలో నిలబడ్డాడు. మొహం ఎర్రగా ఉంది.

"మన వంశంలో చావైతే నాకు చెప్పవా? ఎవరు పోయినారు?"

"ఎవరూ పోలేదన్నా. ఇది ల్యాబు పని." వెంకటేశప్ప ఉమ్మి సంగతి, ఉప్పు సంగతి అంతా చెప్పాడు. వాకిట్లో నిలబడి వింటున్న చౌడమ్మ అప్పటికి నోరు విప్పింది.

"తప్పయిపోయిందప్పా. పోయింది నువ్వే అనుకొంటిమి."

మునినారాయణప్ప అట్లే చాప మీద కూలబడ్డాడు. తమ్ముడి మాసిన గడ్డం వైపు చూశాడు. "నేను పోతే నా కొడుకులు ఒకపూటైనా ఉప్పు మానరురా" అన్నాడు. ల్యాబు పని అని ఇంకోసారి చెబుదామని వెంకటేశప్ప నోటిదాకా వచ్చింది, కానీ అన్న కండ్లలో నీళ్ళు చూసి ఊరుకొన్నాడు.

చౌడమ్మ తప్పు దిద్దుకోవడానికి ఇంట్లో ఉన్న సంగటి, అనపగింజల పులుసు తెచ్చి రెండు సత్తు తట్టల్లో వడ్డించింది. మునినారాయణప్ప రెండో తట్ట తమ్ముడి వైపు జరిపాడు. ఆరేళ్ళ కిందట అన్న కొడుకు పెళ్ళిలో, ఎలుకల మేత వేళయిందని వెంకటేశప్ప పంక్తి మధ్యలో లేచి వెళ్ళిపోయాడు. మాటలు తెగింది అక్కడే.

"ఈరోజైనా నాతో కూచొని తింటావా, లేదా ఎలుకలు పిలుస్తాండాయా?"

పక్కన తూచిన డబ్బా ఉంది. ఈ ఒక్క డబ్బా, రేపటి ఒక్క ఉమ్మి, అంతే మిగిలింది. వెంకటేశప్పకు పదకొండేళ్ళూ కండ్లముందు తిరిగాయి. డబ్బా పక్కకు నెట్టేసి తట్ట దగ్గరికి లాక్కొన్నాడు. మొదటి ముద్దకే ఉప్పు నాలుకకు తగిలి బొటబొటా కన్నీళ్ళు కారాయి. అన్న మీది ప్రేమ కొంత, ఉప్పు మీది ప్రేమ కొంత. మూడు ముద్దలు తిన్నాడు.

మరునాడు ల్యాబులో భాగీరథమ్మ ఫ్రిజ్జు తలుపు బార్లా తీసి, దాని ముందు కుర్చీలో కూలబడి ఉంది. వెంకటేశప్ప చేతులు కట్టుకొని, నిన్న ఉప్పు తిన్నానమ్మా అని చెప్పేశాడు. ఆమె అలసటగా నవ్వింది.

"నీ ఉప్పుకన్నా ముందే కరెంటోళ్ళు చెరిపేసినారు. నిన్న నువ్వు ఇంటికి పోయినప్పట్నించి కరెంటు లేదు. నీ పది దినాల ఉమ్మీ పాడైపోయింది."

ఆమె బల్ల మీది కాగితం తీసి సంతకం పెట్టింది. తిని తిన్నానని చెప్పినవాడు ఈ ల్యాబులో ఇతనొక్కడేనని, పర్మనెంటు సంగతి ఈ రోజే రాసి పంపుతున్నానని అంది. ఆయన దండం పెట్టి వెనుదిరిగేలోపల, సోమవారం నుంచి మళ్ళీ పది దినాలు, ఉప్పు లేకుండా అని కూడా అంది.

ఉమ్మి కోసం మనిషి రెండుసార్లు ఉప్పు మానతాడంటే చౌడమ్మ నమ్మలేదు గానీ, ఈసారి తొందరపడలేదు. ముందు చందాపురకు మనిషిని పంపి మునినారాయణప్ప బతికే ఉన్నాడని రూఢి చేసుకొని, ఆ తర్వాతే మిగతా బంధువుల పేర్లు అడగడం మొదలుపెట్టింది.